రేణువుకు రెండు ముఖాలు

 

మార్కులను బట్టి పిల్లలను 'ఎ' సెక్షన్, 'బి' సెక్షన్ అని విభజించడం ఉపాధ్యాయులకు అలవాటు. శాస్త్రజ్ఞులు గోధుమలోని పిండి రేణువులను కూడ 'ఎ', 'బి' అనే రెండు తరగతులుగా పేర్కొంటారు. వాటిని వేరుచేసే విధానంలో మనకొక హెచ్చరిక ఉన్నది.

'ఎ' రేణువులు బిళ్లలవలె చదునైనవి. అడ్డుకొలత సుమారు 10 నుండి 35 మైక్రానులు. 'బి' రేణువులు గుండ్రనివి. 10 మైక్రానులకు లోపు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. రెండింటిలోను ఎమైలోజ్, ఎమైలోపెక్టిన్ అనే పదార్థాలే పొరలుగా పేరుకొని, కొంతమేరకు స్ఫటికరూపం దాల్చి ఉంటాయి.

ఫ్లో సైటోమీటరు అనే యంత్రంలో రేణువులను సన్నని ద్రవధారలో ఒకదాని వెంట ఒకటిగా నడిపి, లేజరు కాంతికి అడ్డముగా పంపుతారు. ముందుకు చెదరిన కాంతి ముఖ్యంగా పరిమాణాన్ని, పక్కకు చెదరిన కాంతి నిర్మాణాన్ని సూచిస్తుంది. పిమ్మట ధారను బిందువులుగా విడగొట్టి, కోరిన రేణువుగల బిందువుకు విద్యుదావేశం కల్పించి వేరొక పాత్రలోనికి మళ్లిస్తారు. 1965లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన మాక్ ఫుల్‌వైలర్ ఈ పద్ధతిలో కణాలను వేరుచేసి చూపారు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. బిళ్లవంటి రేణువు వెడల్పు ముఖం చూపి సాగితే ఒక కొలత, అంచు చూపి సాగితే మరొక కొలత నమోదు కావచ్చును. రెండు చిన్న రేణువులు అంటుకొని వస్తే యంత్రం వాటిని ఒకే పెద్ద రేణువుగా భ్రమించవచ్చును. పిండి రేణువుల సాంద్రత నీటికంటె సుమారు ఒకటిన్నర రెట్లు. నమూనాను కలుపుతూ ఉండకపోతే పెద్దవి త్వరగా అడుగుకు చేరి, లెక్కకే రావు. అందుచేత వివేకంగల శాస్త్రజ్ఞుడు యంత్రం ఇచ్చిన తీర్పుతో తృప్తిపడక, వేరుచేసిన రేణువులను సూక్ష్మదర్శినిలో మరల పరిశీలిస్తాడు.

పరీక్ష కూడ అటువంటి కాంతికిరణమే. వ్రాతపరీక్షలో వెనుకబడిన ఒక బాలుని నేను 'బి' సెక్షనుకు పంపాను. గ్రహణాలు ఎట్లు ఏర్పడునో అతడు నోటితో చక్కగా వివరించగలడని ఏడాది గడచిన తరువాతనే నాకు తెలిసినది. నేను చూచినది అతని అంచు మాత్రమే. ఇంట తెలుగు, వీధిలో వేరొక భాష మాట్లాడే మన పిల్లలలో ఇటువంటివారు ఎందరో.

కావున మార్కుల పట్టిక మూసివేయుటకు ముందు ప్రతి బిడ్డను మరొక వైపునుండి ఒక్కసారి చూడవలసినదిగా సహోపాధ్యాయులను కోరుతున్నాను.