తీసి ఉన్న తలుపు



1796లో కట్టిన మన సంగారెడ్డి పాత జైలును 2016లో మ్యూజియముగా మార్చారు. 500 రూపాయలు కట్టినవారు 24 గంటలు ఖైదీవలె గడిపే ఏర్పాటు కూడా చేశారు. ఖైదీ బట్టలు, పళ్ళెము, గ్లాసు ఇచ్చారు. కాని అసలు శిక్షను ఇవ్వలేకపోయారు. రేపు తలుపు తీస్తారని వారికి తెలుసు గదా!

తొమ్మిదేండ్లు జైలులో ఉన్న సహోదరుడొకరు విడుదలై మా ఇంటికి వచ్చారు. తలుపు తీసే ఉన్నది. అయినా బయటనే నిలబడ్డారు. మర్యాద అనుకున్నాను. "ఎవరన్న రమ్మనేదాక కాలు కదలదు అయ్యగారూ" అన్నారు. ఆయన అనుమతితోనే ఇది చెబుతున్నాను.

లేవడము, తినడము, పడుకోవడము ఏండ్ల తరబడి ఇతరులే నిర్ణయిస్తే, మనస్సు తానుగా నిర్ణయించడము మరచిపోతుంది. భయము కనబడకుండా బిగించుకున్న ముఖము ఇంటికి వచ్చినా సడలదు. భార్యాబిడ్డలు దానిని కోపమనుకుంటారు, మనము పొగరనుకుంటాము.

పానదాయకుడు మరచిపోయినందున యోసేపు మరి రెండేండ్లు చెరలోనే ఉన్నాడు. మనము చేస్తున్నదీ అదే కాదా? ఆ సహోదరుడు గుడికి వచ్చిన మొదటి ఆదివారము ఆయన బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. నేనూ చూచి ఊరకున్నాను.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో పనిచేసే మీలో ఎవరైనా ఆయన పని కొరకు ఒక మాట చెప్పండి. వచ్చే ఆదివారము ఆరాధనకు ముందు నేను ఆయన ప్రక్కన కూర్చుంటాను. మీరూ రండి.