కాఫీలందించే చేతులు, చెక్కు మీద సంతకాలు



నాయకత్వ శిక్షణ గురించి మాట్లాడమన్నారు. అమెరికాలోని యూదు స్త్రీల సంఘాల నుంచి మొదలుపెడతాను. ఎక్కడివాళ్లో యూదు స్త్రీల సంగతి మనకెందుకనుకోకుండా కాస్త ఓపిక పట్టండి.

1893 చికాగో సర్వమత మహాసభ అనగానే మనకు వివేకానందుడు గుర్తొస్తాడు. ఆ సందర్భంలోనే యూదు స్త్రీలను కూడగట్టే పని హన్నా సాలమన్ అనే ఆవిడకు అప్పగించారు. ఆవిడ ఊరూరికీ ఉత్తరాలు రాసింది. తీరా చూస్తే పురుషుల కార్యక్రమంలో వీళ్ల వంతు వచ్చినవాళ్లకి కాఫీలందించి మర్యాదలు చేయడం! బయటికొచ్చి సొంతంగా మహాసభ జరుపుకున్నారు. అందులోంచే యూదు స్త్రీల జాతీయ మండలి పుట్టింది. 1912లో హెన్రియెట్టా సోల్డ్ హదస్సా సంఘం స్థాపించింది. మరుసటి ఏడాదే ఇద్దరు నర్సుల్ని జెరూసలేం పంపారు. లెక్కలు రాయడం, చందాలు పోగుచెయ్యడం, సభ నడపడం వాళ్లు పనిలోనే నేర్చుకున్నారు.

ఒక మాట దాచకూడదు. మండలి తొలి సభ్యులు ఎక్కువగా కలిగినవాళ్లు. తూర్పు యూరప్ నుంచి ఓడలు దిగిన పేద యూదు ఆడపిల్లలకు సాయం చేశారు, నిజమే. కానీ ఆ సాయంలో పెత్తనం కూడా ఉంది. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనకిది గుచ్చుకోవాలి.

ఇంత అనుభవం గడించిన స్త్రీలకు స్త్రీపురుషులిద్దరూ ఉన్న సంస్థల్లో ఏం దక్కింది? పెద్ద నగరాల యూదు ఫెడరేషన్లలో ఒకదానికి, శాన్‌ఫ్రాన్సిస్కోలో, మొదటిసారి ఒక స్త్రీ అధిపతి అయింది 2010లో. చికాగో నుంచి లెక్కేస్తే 117 ఏళ్లు! ఇన్నేళ్లూ వాళ్లకి తక్కువైంది శిక్షణంటారా?

నాకు బాగా నచ్చిన శిక్షణ ఇంకొకటి. 1971లో న్యూయార్క్‌లో కొందరు చదువుకున్న యువతులు గుంపుగా కూర్చుని తమ మత గ్రంథాల్లో స్త్రీల స్థానమేమిటో చదవడం మొదలుపెట్టారు. పేరు ఎజ్రత్ నషీమ్. స్త్రీలకు సాయం అని ఒక అర్థం, ప్రార్థనా మందిరంలో ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టే చోటు అని ఇంకో అర్థం. సామూహిక ప్రార్థనకు పదిమంది ఉండాలి, ఆ పదిలో ఆడవాళ్లు లెక్కకు రారు. సాక్ష్యం చెల్లదు. విడాకులు తమంతట తాము ఇవ్వలేరు. 1972లో కన్సర్వేటివ్ శాఖ రబ్బీల మహాసభకు పిలవకుండానే వెళ్లి డిమాండ్లు పెట్టారు. మరుసటి ఏడాదే ఆ శాఖ స్త్రీలను పదిమందిలో లెక్కించవచ్చంది. స్త్రీ రబ్బీ కావడానికి మాత్రం 1985 దాకా పట్టింది.

వాళ్లు ధైర్యంగా మాట్లాడడం ఎలా అని నేర్చుకోలేదు. తమను బయట ఉంచిన నియమం ఏ పుటలో ఉందో నేర్చుకున్నారు.

73వ సవరణ 1993లో అమల్లోకొచ్చాక మన దగ్గరా శిక్షణలకు కొదవ లేదు. మూడోవంతు సీట్లు తర్వాత సగమయ్యాయి. ఒక తరగతిలో నేను ఆత్మవిశ్వాసం గురించి చెప్తుంటే ఒక సర్పంచ్ లేచి, ‘‘మాట్లాడ్డం నాకొచ్చు మేడమ్. చెక్కుబుక్కు మా ఆయన దగ్గరుంది. అదెట్లా తెచ్చుకోవాలో చెప్పండి’’ అంది. నా దగ్గర జవాబు లేదు, సిగ్గేసింది. ఉపన్యాసం ఆపి పంచాయతీరాజ్ చట్టం తెప్పించి, సర్పంచ్ అధికారాలున్న భాగం గట్టిగా చదివించాం. బయట కూర్చున్న భర్తలు బస్సు టైమయిందని కబురంపారు. ఇంకో గంట పడుతుందని ఆమే వెళ్లి చెప్పొచ్చింది.