రిమోట్‌కు అంత ఖర్చు అవసరమా?

(వల్లూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి నా విషయం చిన్నదే. మనవడు బొమ్మ విమానం ఎగరేయాలంటాడు. చేతిలో పట్టుకునే రిమోట్‌కే నాలుగైదు వేలంటారు. పెన్షన్ సొమ్ము దానిమీద పెట్టవచ్చునా?

మొదట నేను పెట్టలేదు. రిమోట్‌తో సహా పదిహేను వందలకు వచ్చే విమానం కొనిచ్చి ఊరుకున్నాను. మూడో రోజే అది మీట ఎంత తిప్పినా మాట వినక, వరి నాట్లు వేస్తున్న ఆడవాళ్లకు మూరెడు దూరంలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వారిలో ఒకామె, "సార్, కంటికి తగిలింటే ఎట్ల?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆపైన విచారించాను. పూర్వపు రిమోట్లు 27, 35, 72 మెగాహెర్ట్జ్ తరంగాలపై క్రిస్టళ్లతో పనిచేసేవి. ఒకే మైదానంలో ఇద్దరి క్రిస్టళ్లు ఒకటైతే విమానం కూలేది. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్‌వి. విమానంలోని రిసీవర్‌ను ముందుగా మన రిమోట్‌తో జత చేస్తారు కనుక అది పక్కవారి రిమోట్ మాట వినదు. సంకేతం తెగితే మోటారు దానంతటదే ఆగేటట్లు 'ఫెయిల్‌సేఫ్' పెట్టుకోవచ్చు. పెట్టుకోకుంటే అది ఉన్నా లేనట్లే.

రెండవది, విమానం విరిగినా రిమోట్ మిగులుతుంది. ఆఫీసులో ఎన్ని రిబ్బన్లు మార్చినా టైపురైటరు ఒక్కటే కదా! మంచి రిమోట్ ఒక్కదానిలోనే అనేక విమానాల సెట్టింగులు దాచుకోవచ్చు. కంప్యూటరుకు కలిపి తెరపై అభ్యాసం చేయవచ్చు. అక్కడ ఎన్నిసార్లు కూలినా ఖర్చు లేదు.

అట్లని ఇరవై వేలది కొనమనను. వేగానికి ఒకటి, పైకీ కిందికీ ఒకటి, పక్కలకు తిప్పడానికి ఒకటి, రెక్కలు వంచడానికి ఒకటి, మొత్తం నాలుగు ఛానెళ్లు ముఖ్యం. నేర్చుకునేవానికి ఆరు ఛానెళ్ల రిమోట్ చాలు. ఒక కంపెనీ రిమోట్‌కు మరో కంపెనీ రిసీవర్ సాధారణంగా జతపడదు. కనుక కొనేటప్పుడే అదనపు రిసీవర్ ధర కూడా అడగండి.

చట్టం సంగతి కూడా మరువరాదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం దేశపటంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ప్రాంతాలున్నాయి. ఎరుపు, పసుపు ప్రాంతాల్లో అనుమతి లేనిదే డ్రోన్లు ఎగరేయరాదు. కడపలో విమానాశ్రయం ఉన్నందున ఏది ఎగరేసినా ముందు ఆ పటం చూసుకోవడం మనకు మంచిది.

చివరకు డి.ఆర్. బకాయి వచ్చినప్పుడు ఆరు ఛానెళ్ల రిమోట్ కొన్నాను. మనవడు రెండు నెలలు తెరమీదే నేర్చుకున్నాడు. కోతలయ్యాక ఖాళీ చేలోకి పోయాము. ఎగరేసే ముందు మనుషులెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసింది వాడే, నేను చెప్పలేదు.

నాలుగు రోజుల్లో మూలన పడేసే పిల్లవానికైతే ఆ సొమ్ము దండగ. నిలకడ ఉన్నవానికి మాత్రం విమానం చౌకది, రిమోట్ మంచిది కొనివ్వండి.