అరికాలికి అదురు తెలుస్తున్నదా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ హక్కును మన కాళ్ల మీద మనం నిలబడి అనుభవించాలి గదా! మనలో ఏటా ఒకరిద్దరు బాత్‌రూంలో పడి, తుంటి ఎముక విరిగి మంచాన పడుతున్నారు.

మనిషి నిలకడకు కన్ను, లోపలి చెవి, కాళ్ల స్పర్శ ఆధారాలు. రాత్రి కరెంటు పోతే కన్ను పనిచేయదు. అరికాలి మీదనే భారం పడుతుంది. వయసు వల్ల, షుగరు వల్ల మొద్దుబారేది కూడా ఆ అరికాలే.

నేను మహబూబ్‌నగర్ జిల్లా బడుల్లో సైన్సు చెప్పినవాణ్ణి. పిల్లలకు చూపిన శృతిదండమే డాక్టర్ల చేతిలోనూ ఉంటుంది. సెకనుకు 128 సార్లు కంపించే దండాన్ని కాలి బొటనవేలికి ఆనించి, అదురు తెలుస్తున్నదా అని అడుగుతారు. తెలియకపోతే నరం మందగించిందన్నమాట.

ఆ అదురే సాయం కూడా చేయగలదా? అమెరికాలో జేమ్స్ కాలిన్స్ బృందం 12 మంది వృద్ధులను జెల్ అట్టల మీద నిలబెట్టి, వారికి తెలియనంత సన్నని అదురునిచ్చింది. శరీరం ఊగడం తగ్గింది. 2003లో ఇది లాన్సెట్ పత్రికలో వచ్చింది. చెరువు నీరు మత్తడికి బెత్తెడు కిందనున్నప్పుడు, గాలికి లేచిన అల మత్తడి దూకుతుంది. బలహీనమైన స్పర్శకు ఆ అదురు అట్లా తోడైంది.

అయితే అది కాసేపు నిలబడినప్పటి ఫలితమే. పడిపోవడం తగ్గుతుందని దానితో తేలలేదు. ఒళ్లంతా కుదిపే యంత్రాలు వేరు. పేస్‌మేకరు, ఎముకల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాటి నెక్కరాదు.

నల్లగొండ వారికి మరొక మాట. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీరు తాగి వెన్ను బిగిసినవారికి వెన్నులోనే నరాలు నలుగుతాయి. కాలువ పూడితే మత్తడి దూకిన నీరు పొలం చేరదు. వారికి ముందు వైద్యుడే దిక్కు.

నమ్మకమైనది వ్యాయామం. గోడ పట్టుకొని ఒంటికాలిపై పది సెకన్లు నిలబడండి. చేతులూనకుండా కుర్చీలోంచి లేవండి. రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి.

వచ్చే వైద్య శిబిరంలో బి.పి., షుగరులతో పాటు శృతిదండం పరీక్ష కూడా పెట్టించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.