నెట్టు కట్టేవాళ్లు కావాలి

(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

రాత్రంతా కాంక్రీట్ పోసి పొద్దున బస్సు దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు నమస్కారం. నిద్ర వస్తే పడుకోండి, నేనేమీ అనుకోను.

మన క్యాంపుల్లో వాలీబాల్ ఆడటానికి మనుషులు దొరుకుతున్నారు గానీ ఆడించడానికి దొరకడం లేదు, దాని గురించి మాట్లాడమని ఫోరం వాళ్లు చెప్పారు. నిజమే. ఆట ఉందంటే జట్టుకు పది మంది వస్తారు. నెట్టు ఎవరు కట్టాలి, గీతలు ఎవరు గీయాలి, స్కోరు ఎవరు రాయాలి అంటే మాత్రం అందరూ ఫోన్లు చూసుకుంటారు. ఆంధ్ర తమ్ముళ్లకు వాలంటీర్ అనగానే 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్లు గుర్తుకొస్తారు. వాళ్లకు నెలకు 5,000 గౌరవ వేతనం ఉండేది. మన దగ్గర అదీ లేదు, టీ ఒక్కటే.

"మనోళ్లకు సేవాభావం తక్కువ, మలయాళీలను చూసి నేర్చుకోవాలి" అని కొందరు పెద్దలు ప్రతి మీటింగులో అంటారు. నేను ఒప్పుకోను. మన మనిషికి వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజున బట్టలు ఉతకాలి, క్షవరం చేయించుకోవాలి, ఎక్స్ఛేంజికి పోయి ఇంటికి పైసలు పంపాలి, బోటిమ్‌లో పిల్లలతో మాట్లాడాలి, మిగిలితే నిద్రపోవాలి. అందులోంచి మూడు గంటలు ఇయ్యమని అడుగుతున్నాం. బంగారం అడిగినట్టే అది. అడిగే పద్ధతి కూడా దానికి తగ్గట్టు ఉండాలి గదా!

పద్ధతి మన రూముల్లోనే ఉంది. వంట వంతు చూడండి. రూములో ఎనిమిది మంది ఉంటే ఎవరి వంతు ఏ రోజో గోడ మీద కాగితం చెబుతుంది. దానికోసం ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. మంగళవారం వంతు ఉన్నవాడు ఎంత అలసిపోయి వచ్చినా బియ్యం కడుగుతాడు. కారణం ఏందంటే, తన పేరు రాసి ఉంది, పని ఇంత అని తెలుసు, బుధవారం తనది కాదనీ తెలుసు. అదే మనిషి ఆట దగ్గర ఎందుకు ముందుకు రాడు? అక్కడ పేరు లేదు, పనికి హద్దు లేదు, ఒకసారి చెయ్యి వేస్తే జీవితాంతం తన నెత్తినే ఉంటుందని భయం. ఆ భయం ఉత్తదేం కాదు. ప్రతి క్యాంపులో ఒకడు ఉంటాడు, మొదటివారం సరదాగా నెట్టు కట్టి, నాలుగేళ్లయినా ఇంకా వాడే కడుతుంటాడు.

కాబట్టి ముందు పనిని వంతులుగా కొలవాలి. సైట్లో స్లాబ్ వేసే ముందు ఎంతమంది మనుషులు, ఎన్ని గంటలు అని లెక్క వేయకుండా మనం దిగుతామా? ఒక లెక్క చూపిస్తా. 8 జట్ల పోటీ అనుకోండి. నాలుగేసి జట్లు రెండు గ్రూపులు. ఒక్కో గ్రూపులో 6 మ్యాచ్‌లు, రెండూ కలిపి 12. సెమీఫైనల్స్ రెండు, ఫైనల్ ఒకటి. మొత్తం 15. ఒక్కో మ్యాచ్‌కు ఒక రెఫరీ, అవతలి వైపు రెండో రెఫరీ, స్కోరు రాసేవాడు, గీతల దగ్గర ఇద్దరు, అంటే ఐదుగురు. 15 మ్యాచ్‌లకు 75 వంతులు. సాయంత్రానికి మూడు మ్యాచ్‌ల చొప్పున ఐదు ఆదివారాలు పడుతుంది. ప్రతి ఆదివారం నెట్టుకూ గీతలకూ ఇద్దరు, నీళ్లకు ఒకరు, ఫస్ట్ ఎయిడ్ డబ్బాకు ఒకరు కావాలి. అవి 20. అంతా కలిపి 95.

95 అంటే గుండె గుభేలుమంటుంది. కానీ జట్టుకు పది మంది చొప్పున ఆటగాళ్లే 80 మంది ఉన్నారు. తమ మ్యాచ్ లేని గంటలో ఒక్కొక్కరు ఒక్క వంతు చేస్తే 80 అక్కడే అయిపోయాయి. ఇంకా కావాల్సినవి 15. ఐదు వారాల్లో 15 గంటల పనికి ఇంత పెద్ద క్యాంపులో మనుషులు లేరంటే నేను నమ్మను. జట్టు పేరు రాయించుకునే రోజే "మీ పది మంది పది వంతులు" అని కెప్టెన్‌తో ఒప్పుకోవాలి. ఒప్పుకోని జట్టును తీసుకోవద్దు. కఠినంగా అనిపించినా మొదట్లోనే చెప్పేయడం మేలు, మధ్యలో కొట్లాట ఉండదు.

ఆ మిగిలిన 15 వంతులకు ఎవరిని అడగాలి? ఆడనివాళ్లను. మన కళ్లు ఎప్పుడూ ఆడే పోరగాళ్ల మీదే ఉంటాయి. మోకాళ్లు అరిగిన పెద్దన్నలు, బస్సు డ్రైవర్లు, మెస్సులో వంట మనుషులు, నిన్నగాక మొన్న దిగి ఎవరితో మాట్లాడాలో తెలియని కొత్త పిల్లగాళ్లు కూడా ఉన్నారు. మా క్యాంపులో ఆర్మూరు దిక్కు పెద్దమనిషి ఒకాయన, స్టీల్ ఫిక్సర్, యాభై దాటింది. జీవితంలో బంతి ముట్టలేదు. ఆయనను ఎవరూ ఏనాడూ అడగలేదు. ఒక తమ్ముడు పోయి "పెద్దనాయినా, ఆరింటికాడికెళ్లి ఏడు దాకా, గీ గీత మీద నిలబడి బంతి లోపల పడ్డదా బయట పడ్డదా చెప్తవా?" అని అడిగాడు. అంతే. రాడ్డు అరంగుళం తప్పినా పట్టేసే కన్ను ఆయనది. ఇప్పుడు ఆయన జెండా ఎత్తితే ఏ జట్టూ వాదించదు.

ఆ తమ్ముడు అడిగిన తీరు గమనించండి. ఎవరినో చెప్పాడు, ఏ పనో చెప్పాడు, ఎప్పుడు అయిపోతుందో కూడా చెప్పాడు. వాట్సాప్ గ్రూపులో "వాలంటీర్లు కావలెను, అందరూ సహకరించగలరు" అని పెడితే రెండు వందల మంది చూస్తారు, పదిహేను మంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు, ఒక్కడు రాడు. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే. మెట్ల దగ్గరో, నీళ్ల కూలర్ దగ్గరో, మొహం చూసి అడగాలి.

మొహం చూసి అడగాలి అన్నాను గానీ అందరూ అడగకూడదు. నేను సైట్లో సూపర్‌వైజర్‌ను. నా కింద పనిచేసే మనిషిని ఆదివారం నెట్టు కట్టమని నేను అడిగితే అతను కాదనలేడు. సోమవారం ఓవర్‌టైం జాబితాలో తన పేరు ఉండాలి గదా అని ఆలోచిస్తాడు. కాదనలేనివాడు చేసేది సేవ కాదు, జీతం లేని డ్యూటీ. ఒక చోట ఒక ఫోర్‌మన్ ఇట్లాగే తన మనుషులతో గ్రౌండ్ చదును చేయించాడు, రానివాళ్లకు బరువు పనులు వేశాడు. ఆ జట్టు ఆరు నెలల్లో మూతపడింది, మనుషుల మధ్య మాటలు కూడా పోయాయి. అందుకే మా దగ్గర సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు ఎవరినీ అడగరు. వంతు తీసుకోవచ్చు, నెట్టు మోయవచ్చు. అడగడం మాత్రం ఎవరి మీదా అధికారం లేనివాళ్ల పని.

సెలవు రోజు గురించి ఒక మాట. 2022 జనవరి నుంచి ఈ దేశంలో ప్రభుత్వ ఆఫీసుల వారాంతం శని, ఆదివారాలకు మారింది. సైట్లలో కొందరికి ఆదివారం సెలవు, కొందరికి ఇంకా శుక్రవారమే. వంతుల కాగితం రాసేటప్పుడు పేరు పక్కన సెలవు రోజు, షిఫ్టు రాయండి. రాత్రి షిఫ్టు దిగిన మనిషికి సాయంత్రం ఆరు అంటే అర్ధరాత్రి లెక్క.

ఇక నీళ్ల వంతు. అందరూ చిన్నచూపు చూసేది దీన్నే, నా లెక్కలో అన్నిటికంటే పెద్ద పని ఇదే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. జీతం ఇచ్చే పనికే వద్దన్న ఎండలో ఆట పెట్టే మాటే లేదు. సాయంత్రమైనా ఉక్కపోత తగ్గదు. నీళ్ల వంతు మనిషి బాటిళ్లు పంచి ఊరుకోకూడదు, మొహాలు చూడాలి. మాట తడబడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా ఆట ఆపించాలి. నీడకు తీసుకుపోయి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి ఆడనివ్వాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. అంబులెన్స్ 998. ఆ నంబరు నీళ్ల డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టాం. ఆట ఆపే అధికారం ఈయనకు ఉంది, కెప్టెన్ కూడా ఎదురు చెప్పకూడదు.

దెబ్బల సంగతి కూడా పేర్లు రాసేటప్పుడే వాలంటీర్లు చెప్పాలి. సెలవు రోజున మనంతట మనం ఆడే ఆటలో కాలు విరిగితే అది పని ప్రమాదం కిందికి రాదు. మామూలు అనారోగ్య సెలవే. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ అయ్యాక ఏడాదికి 90 రోజులు దాకా ఉంటుంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగిలిన 45 రోజులకు జీతం లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి జీతంతో కూడిన అనారోగ్య సెలవే లేదు. ఏజెంటు అప్పు మీద వచ్చిన కొత్త తమ్ముడికి ఈ సంగతి తెలియాలి. తెలిశాక ఆడతాడో, ఈ ఆరు నెలలు గీత దగ్గర నిలబడతాడో అతని ఇష్టం. మా కొత్తవాళ్లలో చాలామంది వాలంటీర్లుగా మొదలైంది ఇట్లాగే.

పైసల దగ్గరికి వద్దాం. బంతికి, నెట్టుకు చందాలు ఎత్తడం మనకు ఊరి అలవాటు. వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకుని తిరిగినట్టు ఇక్కడ తిరగడానికి లేదు. 2021లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం నేరం, జరిమానా లక్షల దిర్హాముల్లో ఉంటుంది. వాట్సాప్‌లో "తలా ఇరవై వేయండి" అని పెట్టిన పాపానికి మంచి మనిషి ఇరుక్కోకూడదు. నెట్టు, బంతులు క్యాంపు ఆఫీసు ద్వారా, కంపెనీ వెల్ఫేర్ ద్వారా అడగండి. గ్రౌండ్ వాడకానికి క్యాంపు బాస్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. క్యాంపు బయట ఏదైనా చేయాలంటే ముందు ఫోరం కమిటీని అడగండి, అనుమతుల సంగతి వాళ్లు కనుక్కుంటారు. ఇంకో క్యాంపు నుంచి వచ్చే రెఫరీ పని ఉచితం, ఆయన బస్సు ఖర్చు ఉచితం కాదు. పిలిచిన జట్టు ఆయన నోల్ కార్డులో వేయించాలి, మ్యాచ్ అయ్యాక ఆయనకు అన్నం పెట్టి పంపాలి.

రెఫరీని తిడితే ఏం చేయాలి? మన దగ్గర ఇది నిజమైన సమస్య. జగిత్యాల జట్టుకు నిజామాబాద్ రెఫరీ అంటే ముందే అనుమానం. కడప వాళ్లకూ కోనసీమ వాళ్లకూ అంతే. మూడో జట్టు మనిషినే పెట్టాలి, నేపాలీ తమ్ముడు దొరికితే ఇంకా మంచిది, వాడికి మన జిల్లాలు తెలియవు. గ్రౌండ్‌లో తిట్టినవాడు ఆ రోజుకు బయట కూర్చోవాలి, ఎంత మంచి స్మాషర్ అయినా సరే. గ్రూపులో తిట్టడం ఇంకా ప్రమాదం. ఫోన్‌లో బూతులు పంపినా, అడగకుండా ఫొటో పెట్టినా ఇక్కడ సైబర్ చట్టం కింద కేసు అవుతుంది. అందుకని గ్రూపు చూసుకోవడం కూడా ఒక వంతే. అడ్మిన్ ఇద్దరు ఉండాలి.

ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి, అడ్మిన్ ఒక్కడికే కాదు. మన బతుకు అట్లాంటిది. ఒకరికి రెండేళ్లకోసారి ఊరి సెలవు, ఒకరికి సైటు మారుతుంది, ఒకరికి వీసా అయిపోతుంది. పంపు సూది, నెట్టు, గ్రూపు, క్యాంపు బాస్‌తో పరిచయం, అన్నీ ఒక్కడి దగ్గరే ఉంటే వాడు విమానం ఎక్కిన రోజే క్లబ్బు కూడా ఎక్కేస్తుంది. నెట్టు సంచిలో ఒక నోట్‌బుక్ పెట్టండి. నెట్టు ఎత్తు 2.43 మీటర్లు, కోర్టు 18కి 9, స్తంభాలు ఎవరి స్టోర్‌లో ఉన్నాయి, తాళం ఎవరి దగ్గర, లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు, అన్నీ తెలుగులో రాయండి. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ రాసినట్టే.

"ఈ వారం రాలేను అన్నా" అని ముందే చెప్పేవాడిని ఎప్పుడూ నిలదీయకండి. నిలదీస్తే వచ్చేవారం చెప్పడం మానేస్తాడు, ఆ పై వారం రావడమే మానేస్తాడు. వరుసగా మూడు వారాలు వచ్చినవాడికి నాలుగో వారం మనమే సెలవు ఇవ్వాలి.

చెప్పకుండా రానివాడి సంగతి వేరు. దాని గురించి చెప్పడానికే ఇంతసేపు మాట్లాడాను అనుకోండి. మన క్యాంపుల్లో ఒక మనిషి నెల రోజులు ఎవరితో మాట్లాడకపోయినా ఎవరికీ తెలియదు. డ్యూటీకి పోతున్నాడు, వస్తున్నాడు, పడుకుంటున్నాడు. లోపల అప్పు ఉంటుంది, ఇంటి దగ్గర గొడవ ఉంటుంది, మందు ఉంటుంది. తర్వాత జరిగేది మనందరం చూసినవాళ్లమే, పెట్టె ఊరికి పంపడానికి కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. వంతుల కాగితం మీద పేరు ఉన్న మనిషి రాకపోతే, "ఏడీ ఈయన?" అని అడిగే ఇంకో మనిషి ఉంటాడు. మా దగ్గర జోడీలో రెండో మనిషి ఆ రాత్రే రూముకు పోయి చూసి రావాలని పెట్టుకున్నాం. తిట్టడానికి కాదు, తిన్నాడా లేదా అడగడానికి. ఒకసారి అట్లా పోయిన తమ్ముడికి, దీపం ఆర్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి కనిపించాడు. నాలుగు నెలలుగా ఏజెంటు మనుషులు ఊళ్లో ఇంటి మీదికి వస్తున్నారట. తమ్ముడు పక్కనే కూర్చుని 800 46342కు ఫోన్ చేయించాడు. భారత ప్రభుత్వం తరఫున మన కార్మికుల కోసం నడిచే సహాయ కేంద్రం నంబరు అది, ఫోన్ ఖర్చు ఉండదు, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు. రాసుకోండి, మళ్లీ చెబుతున్నా, 800 46342. ఆ మనిషి అప్పు ఇంకా తీరలేదు. ఆదివారాలు మాత్రం గీతలకు సున్నం ఆయనే పోస్తున్నాడు.

ఈ సీజన్ వంతుల కాగితం బయట టీ డబ్బా పక్కన బల్ల మీద ఉంది. 95 గళ్లు ఉన్నాయి. 80 గళ్లలో జట్ల పేర్లు ఉన్నాయి, మనుషుల పేర్లు కెప్టెన్లు నింపుతారు. మిగిలిన 15 ఖాళీ. పెన్ను దారంతో కట్టి ఉంది, ఎవరూ జేబులో పెట్టుకుపోకండి. మా సైటు తమ్ముళ్లు రాసేటప్పుడు నేను అక్కడ ఉండను, లోపలే కూర్చుంటాను. టీ ఎవరైనా ఇటు ఒక కప్పు పంపండి.