చక్రం పట్టేసిందా? సుత్తి పక్కన పెట్టండి

ఈరోజు టాపిక్ బ్రేక్ క్యాలిపర్ జామ్ అవడం. ఫోర్ బై ఫోర్ బండి ఉన్నవాళ్లు, పాత జీపు కొనుక్కుని ఆదివారాలు బురదలో తిప్పేవాళ్లు స్కిప్ చేయకండి, ఇది మీకోసమే.

మా ఫ్రెండ్ ఒకడు బాపట్ల వైపు వెళ్లి ఉప్పునీళ్లలో జీపు తిప్పాడు. వచ్చాక కడగలేదు, రెండు నెలలు అలాగే వదిలేశాడు. మళ్లీ తీస్తే బండి ఎడమకి లాగుతోంది, ముందు చక్రం దగ్గర కాలిన వాసన. రోడ్డు పక్క షెడ్డులో క్యాలిపర్ మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, "ఫ్రీ అయిపోయింది, వెళ్లిపో" అన్నారంట. మనవాడి ప్లానేమో ఆ శనివారం మారేడుమిల్లి ఘాట్. నేను కీస్ లాక్కున్నా.

ఎందుకంటే ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటే ఆ వేడి క్యాలిపర్‌లోకి, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్లోకి పోతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని స్టాండర్డ్. అదే ఆయిల్ గాల్లో తేమ పీల్చుకున్నాక ఆ లెక్క 140 డిగ్రీలకి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. మీరు పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప ప్రెషర్ ప్యాడ్ దాకా వెళ్లదు. కాలు సర్రున కిందకి పోతుంది. అదీ ఘాట్ దిగుతున్నప్పుడు!

సరే, విప్పుదాం. సమతలంగా ఉన్న చోట బండి పెట్టి, వెనక చక్రాలకి రెండువైపులా రాళ్లో, చెక్కలో అడ్డం పెట్టండి. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం లూజ్ చేసి, అప్పుడు జాకీ ఎక్కించండి. కింద స్టాండ్ తప్పనిసరి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద చేతులు పెట్టొద్దు.

ఇక్కడ ఫోర్ బై ఫోర్ వాళ్లకి ఒక తిరకాసు ఉంది. లివర్ 4హెచ్‌లోనో 4ఎల్‌లోనో ఉంటే, ఒక్క ముందు చక్రం లేపినా అది తిరగదు. రెండో చక్రం నేల మీద ఉంది, ముందు షాఫ్టు వెనక షాఫ్టుతో లాక్ అయి ఉంది, ఇంకెలా తిరుగుతుంది? బ్రేక్ బాగానే ఉన్నా పట్టేసిందనుకుని క్యాలిపర్ విప్పేస్తారు. కాబట్టి లివర్ 2హెచ్‌లో పెట్టాకే చేత్తో తిప్పి చూడండి.

తిరగట్లేదా? వెంటనే పానా తీసి క్యాలిపర్ మీద పడకండి. కోడ్‌లో బగ్ ఎక్కడుందో చూడకుండా లైన్లు మార్చేస్తామా? ఇదీ అంతే. పట్టేయడానికి మూడు చోట్లున్నాయి: రబ్బరు హోస్, స్లైడ్ పిన్లు, పిస్టన్. ఒకళ్లని బ్రేక్ తొక్కి వదిలేయమనండి. తర్వాత బ్లీడర్ నిపుల్‌కి చిన్న పైపు పెట్టి, దాని కొస సీసాలో ఉంచి, నిపుల్ కాస్త తిప్పండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిందంటే క్యాలిపర్ తప్పు కాదు, లోపల ప్రెషర్ ఇరుక్కుంది. ఎక్కువసార్లు దొంగ హోసే. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పొర ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వదు. ముందు చక్రాలు రెండూ పట్టేస్తే మాత్రం మాస్టర్ సిలిండర్ వైపు చూడండి.

మా వాడి జీపులో నిపుల్ తిప్పినా చక్రం కదల్లేదు. అంటే పిన్లో, పిస్టనో. క్యాలిపర్ విప్పి తీగతో పైకి కట్టాం, హోస్‌కి వేలాడదీస్తే హోస్ పాడవుతుంది. లోపలి ప్యాడ్ అరిగి రేకులా ఉంది, బయటి ప్యాడ్‌కి ఇంకా బోలెడు మందం ఉంది. పిన్ జామ్ అయితే సాధారణంగా ఇలాగే అరుగుతుంది. పిన్‌ని ఊరికే లాగితే రాదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, కాసేపాగి, పానాతో అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. వచ్చాక తుప్పు తుడిచి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజే పెట్టండి. బేరింగ్ గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి, మళ్లీ జామ్.

పిస్టన్ కూడా వెనక్కి వెళ్లలేదు. మామూలుగా పిస్టన్‌ని వెనక్కి లాగేది స్ప్రింగ్ కాదు, దాని చుట్టూ ఉన్న చదరపు రబ్బరు సీల్. బ్రేక్ తొక్కితే అది కాస్త మెలిపడుతుంది, వదిలితే తన షేపుకొస్తూ పిస్టన్‌ని వెంట్రుకంత వెనక్కి తెస్తుంది. సీల్ వెనక గాడిలో తుప్పు పేరుకుంటే సీల్ బిగుసుకుని ఆ పని మానేస్తుంది. సుత్తి దెబ్బ ఆ గాడి దాకా వెళ్తుందా? వెళ్లదు.

పిస్టన్ బయటికి తీయడానికి బండి బ్రేకే బెస్ట్ టూల్. హోస్ తగిలించి ఉండగానే క్యాలిపర్‌లో చెక్క ముక్క అడ్డం పెట్టి, పెడల్ మెల్లగా తొక్కిస్తే పిస్టన్ జరుగుతూ వస్తుంది. కింద పళ్లెం పెట్టండి, బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది. కంప్రెసర్ గాలి కొట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, పిస్టన్ తూటాలా వచ్చి వేళ్లు చితక్కొడుతుంది. కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగడం కూడా వద్దు, గీత పడితే లీకే. పిస్టన్ మీద గుంటలుంటే కొత్తది వేయండి. సీల్, డస్ట్ బూట్ ఎలాగూ కొత్తవే. గాడి శుభ్రం చేసి, కొత్త సీల్‌కి తాజా బ్రేక్ ఆయిల్ రాసి ఎక్కించండి. కడగడానికి పెట్రోలు, డీజిలు తెస్తే షెడ్డు వాళ్లని ఆపండి, రబ్బరుకి అవి విషం.

నా మాటేంటంటే పిన్ల పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు. బ్రేకులు ఎప్పుడూ బ్లీడ్ చేయనివాళ్లు మాత్రం పిస్టన్ జోలికి ఒంటరిగా పోవద్దు, తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

బిగించేటప్పుడు హోస్ బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేసి, గాలి మొత్తం పోయేదాకా బ్లీడ్ చేయండి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయండి, లేకపోతే మొదటి తొక్కుడుకి బ్రేక్ ఉండదు. ఖాళీ రోడ్డులో నాలుగైదు కిలోమీటర్లు తిరిగొచ్చి, రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడి చూడండి. రెండువైపులా ఒకేలా ఉంటే ఓకే. ఒకవైపే సెగ కొడుతుంటే మళ్లీ జాకీ ఎక్కించాల్సిందే.

వచ్చే ఎపిసోడ్‌లో వెనక డ్రమ్ బ్రేకులు విప్పుదాం. బై!