అడవి పందుల బెడద: వాటి నడవడి, మన జాగ్రత్త

(మైలవరము ప్రాంతపు రైతులకు ప్రసంగ పాఠము)



కొండపల్లి కొండల అంచున చేలున్న మీకు అడవి పందిని క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. ఒక్క రాత్రిలో నేలకరచిన మొక్కజొన్న చేనును మీలో చాలమంది చూచినవారే. అయినను అది ఎప్పుడు, ఎందువలన, ఏ దారిని వచ్చుచున్నదో తెలిసికొననిదే దానిని ఆపలేము. పందిని చంపుటకు పడు శ్రమను, అది మొదటిసారి చేనిలో అడుగు పెట్టకుండ చూచుటకు పడవలెనని నా మనవి. ఒకమారు రుచి మరిగిన మందను మరలించుట చాల కష్టము.

మందగా తిరుగునవి ఆడపందులు, వాటి పిల్లలు. పెద్ద ఆడపంది ముందు నడచును. ఎదిగిన మగపంది ఒంటరిగా తిరిగి, ఎదకాలమున మాత్రమే మందను చేరును. చూలు సుమారు 115 దినములు. ఒక ఈతలో 4 నుండి 6 పిల్లలు, మేత పుష్కలముగ నున్నచోట అంతకు మించియు పుట్టును. పులి, చిరుత, రేచుకుక్క తిరిగిన కాలమున ఈ పిల్లలలో పెక్కు బ్రతికెడివి కావు. ఆ మృగములు తగ్గినవి. చెరువుల వెంట, వాగుల వెంట సర్కారు తుమ్మ దట్టముగ పెరిగినది. పగలు దాగుటకు తుమ్మ పొద, రాత్రి తినుటకు మన చేను, రెండును పందికి దగ్గరలోనే దొరకినవి.

దాని చూపు మందము, చెవి చురుకైనది, ముక్కు అన్నిటికంటె గట్టిది. మట్టిలోని గింజను వాసన పట్టి ముట్టెతో పెకలించును. కావుననే మొక్కజొన్న విత్తిన వారములో ఒకమారు, కంకి పాలు పోసుకొనునప్పుడు మరియొకమారు వచ్చును. వేరుశనగకు విత్తినప్పుడును, కాయ ఊరునప్పుడును ముప్పు. వేసవిలో మామిడి తోటలకు రాలుకాయ కొరకు వచ్చును. కాయలను ఏరి తోటను శుభ్రముగ నుంచినచో పందికే గాక పండు ఈగకును మేత తగ్గును.

పందికి చెమట పట్టదు గనుక ఒళ్లు చల్లబరచుకొనుటకు బురదలో పొర్లి, ప్రక్కనున్న చెట్టు మొదటికి రుద్దుకొనును. చేనికి దగ్గరనున్న గుంటను, చెట్టును అప్పుడప్పుడు పోయి చూడుడు. చెట్టుపై బురద తడిగా నున్నచో మంద సమీపముననే యున్నదని అర్థము. బురద తొడ ఎత్తువరకు అంటియున్నచో పెద్ద పంది యొకటి వచ్చినదన్నమాట. అక్కడినుండి గట్టు దాటు త్రోవ తెలిసినచో కాపలా ఎక్కడ పెట్టవలెనో తెలియును. చేను చుట్టు ఊరక తిరుగుటకంటె ఇది మేలు.

పూర్వము వలలు, కుక్కలు, బల్లెములతో ఊరెల్ల కదలి పందివేట చేసెడివారు. చాళుక్యుల లాంఛనము వరాహమే. మన వరహా నాణెమునకు ఆ పేరు వచ్చినదియు దాని బొమ్మ వలననే. ఆ రోజులు వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక వేటాడుట నేరము. పంటకు, ప్రాణమునకు ముప్పు కలిగినప్పుడు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని వ్రాతమూలకముగ అనుమతి నీయవచ్చును. అదియు మందుకు మందు కాదు. ఐరోపాలో వేట ముమ్మరముగ సాగిన అడవులలో పందులు చిన్న వయసుననే ఈనుచున్నట్లు పరిశీలకులు గమనించిరి.

ఇక కరెంటు తీగ. స్తంభము నుండి కొక్కెము వేసి చేని చుట్టు వట్టి తీగ లాగువారు ప్రతి జిల్లాలోను ఉన్నారు. పందికి పెట్టిన ఆ తీగకు తెల్లవారుజామున నీరు పెట్టబోయిన పొరుగు రైతు తగులును. తప్పిపోయిన గేదెను వెదకుచు వచ్చిన పిల్లవాడు తగులును. ఒక్కొక్కప్పుడు తీగ కట్టినవాడే తగులును. దీని వలన మనుష్యులు చనిపోవుచునే యున్నారు. కట్టినవాడు జైలు పాలగును. నాటుబాంబు సంగతియు అంతే. దానిని కొరికి దవడ పగిలిన ఆవు మేత తినలేక చచ్చును. ఈ రెండింటిని గూర్చి మొగమాటము లేక చెప్పుచున్నాను: పొరుగువాడు కట్టినను ఊరుకొనకుడు.

కంచెయే కావలెనన్నచో సౌరవిద్యుత్ కంచె కట్టించుకొనుడు. అది క్షణకాలపు దెబ్బతో బెదరించును గాని ప్రాణము తీయదు. క్రింది తీగ నేలకు జానెడు ఎత్తున ఉండవలెను. పంది ముట్టెతో నెట్టునది అక్కడనే. తీగకు గడ్డి తగిలినచో దెబ్బ తగ్గిపోవును గనుక వారమునకొకమారు గడ్డి కోయుడు.

అంత ఖర్చు పెట్టలేనివారికి రాజేంద్రనగరు పరిశోధకులు చెప్పిన పద్ధతులు కలవు. వేరుశనగ చుట్టు నాలుగు వరుసల కుసుమ ఒత్తుగా వేసినచో ముండ్లకు, వాసనకు పంది వెనుదీయును. మొక్కజొన్న చుట్టు ఆముదము వేయవచ్చును. మంగలి అంగడి నుండి తెచ్చిన వెంట్రుకలను గట్టుపై చల్లినచో నేల వాసన చూచుచు వచ్చు పందికి ముక్కున పడి చీకాకు కలుగును. గంధకము, కిరసనాయిలు కలిపిన దానిలో ముంచిన కొబ్బరి త్రాడును చేని చుట్టు కట్టుటయు ఉన్నది. ఇవి ఏవియు పంటకాలమంతయు పనిచేయవు. వాన పడినచో వాసన పోవును. పంది అలవాటు పడును. కావున విత్తిన వారమునకు ఒకటి, పాలకంకి నాటికి మరియొకటి మార్చి వాడుడు. వెనుక ఫోరేటు గుళికలను మూటకట్టి వ్రేలాడదీయుమని చెప్పెడివారు. ఆ మందు 2020తో నిషిద్ధమైనది, ఇప్పుడు వాడరాదు.

మంచె కాపలా పాతదైనను మంచిది. నలుగురైదుగురు రైతులు వంతులు వేసికొన్నచో ఏ ఒక్కరికి నిద్ర చెడదు. పంట పోయినచో చేనును సవరింపక ముందే ఫొటో తీసి, గ్రామ వ్యవసాయ సహాయకునికి, అటవీశాఖ కార్యాలయమునకు తెలుపుడు.

గాయపడిన పంది చెరకు తోటలోనో పొదలోనో పడియున్నచో మాత్రము కర్రలు తీసికొని చుట్టుముట్టకుడు. మగపంది కోర మనిషి తొడను చీల్చును. పిల్లలతో నున్న ఆడపంది కరచును. పిల్లలను, కుక్కలను దూరముగ నుంచి అటవీ సిబ్బందికి కబురు పెట్టుడు.